కార్పెట్ కింద అతుకు

అలిగి పోయిన అల్లుడు తిరిగొచ్చిన కాడ మన కథ ఆగింది. మాటామాటా పెరిగి మామ షెడ్డు ఇడిచిపెట్టి, జల్‌పల్లిల ఎవరి కిందనో పనికి కుదిరిన వీరేందర్, మొన్న ఐతారం తనంతల తానే వచ్చి శంషాబాద్‌ల అనంతయ్య షెడ్డు ముందట చెప్పులిడిచిండు. ఎందుకు పోయినవని అనంతయ్య అడగలే. ఎందుకొచ్చినవని సుత అడగలే. వెల్డింగు గన్ను తీసి అల్లుని చేతిల పెట్టిండు. వీరేందర్ ఆయనకు సొంత అక్క కొడుకు, ఒక్కగానొక్క బిడ్డ సునీతకు మొగడు. తండ్రికి మొగనికి నడుమ నలిగిన సునీత చాన దినాలకు నవ్వింది. ఆ నవ్వు నిలవాలె. అనంతయ్యకు ఇగ వేరే కోరిక లేదు.

నిలువనిచ్చేటట్టు లేదు ఆ నేరేడుపండు రంగు కారు.

ఆ పొద్దు అనంతయ్య ఇంట్ల నుంచి బయల్దేరంగ గల్లీ మలుపు కాడ బడి వ్యాను ఎదురొచ్చింది. గోడకు ఆనుకొని తొవ్వ ఇచ్చిండు. వ్యాను పక్క తలుపును నీలం తాడుతోని సీటు కాలుకు కట్టి ఉంచిన్రు. లోపల పిల్లలు పాట పాడుకుంట పోతున్నరు. ఒక్క పూట పని, ఎవలకన్న చూపిచ్చుకోరాదా అనుకున్నడు. అనుకున్నడు గాని డ్రైవర్ను ఆపి చెప్పలే. నోరు తెరిచి చెప్పుడు ఆయనకు మొదటి నుంచి చేతగాని పని.

షెడ్డు కాడికి వచ్చేసరికి కారు ర్యాంపు ఎక్కి ఉన్నది. పాత కాలం పెద్ద కారు. పొడుగు ముక్కు, ఎడల్పు నడుము. సొంతదారు ఉదయభాస్కర్ గచ్చిబౌలి దిక్కు కంపెనీల నౌకరి చేస్తడు. వాళ్లది రాజమండ్రి. తల్లి వేదవతమ్మను సుత వెంట తీసుకొచ్చిండు. ఆమె మొగడు బతికున్న దినాలల్ల ఇదే తీరు కారు, ఇదే రంగుది, తోలెటోడట. అందుకే కొడుకు వెతికి వెతికి ఇది కొన్నడు. రేపు తెల్లారి ఇదే కారుల అందరు కలిసి కాకినాడకు పోవాలె. అక్కడ ఉదయభాస్కర్ చెల్లెలి గృహప్రవేశం.

"ఇంట్లో ఉంటే తోచదయ్యా. ఇక్కడైతే విమానాలన్నా చూడొచ్చు" అని ఆమె రేకుల నీడకు ప్లాస్టిక్ కుర్చీ ఏసుకొని కూసున్నది.

కారుకు వచ్చిన తిప్పలు ఏందంటే, మలుపు తిరిగితే నడుములకెళ్లి కిర్రుమంటది. గుంతల పడితే ఎడమ దిక్కు తలుపు తానే తెర్చుకుంటది. మొన్న ఔటర్ రింగు రోడ్డు దిగుతుంటే అట్లనే తెర్చుకున్నది. వెనక సీట్ల ఉన్న చిన్నపిల్లను ఉదయభాస్కర్ భార్య సింధూర ఒడిసి పట్టుకున్నది.

ఈ తీరు కార్లకు లారీకి ఉన్నట్టు కింద వేరే చాసిస్ ఉండదు. ఒంటి రేకే దానికి బొక్క, అదే ఎన్నుపూస. ముందట ఇంజన్‌ను మోసే రెండు ఇనుప కొమ్ములు, వెనక చక్రాలను మోసే రెండు కొమ్ములు. నడుమ, మనుషులు కూసునే కాడ, వట్టి మడతబెట్టిన రేకు. ముందటి కొమ్మును వెనక కొమ్మును కలుపుకుంట అటొకటి ఇటొకటి ఇనుప చానెల్ ఏసి అతికితే బండి బిగుస్తది. ఉదయభాస్కర్ ఇదంత తానే చదువుకొని, కొలతలు గీసుకొని వచ్చిండు. ఫోన్ల బొమ్మ చూపిచ్చిండు.

"సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు అంటారండీ వీటిని."

అనంతయ్య ఆ బొమ్మను చాన సేపు చూసిండు.

"నడుంపట్టాలు" అన్నడు.

"నాకూ రెండు వేయించరా భాస్కరం, దిక్కుమాలిన నొప్పి పోతుంది" అన్నది వేదవతమ్మ కుర్చీలకెళ్లి.

వీరేందర్ ఫక్కున నవ్విండు. కుండల నీళ్లు ముంచి ఆమెకు అందిచ్చిండు.

"ఎడం చేత్తో ఇస్తావేంటయ్యా!"

"అలవాటమ్మా. నా కుడి చెయ్యి తిననీకే పనికొస్తది."

"మీ మామగారు మాట్లాడరేం? మాటకి ఇంతని పన్ను కట్టాలా?"

"ఆయన లెక్కల మేమే ఆయన తరఫున మాట్లాడాలె అమ్మా."

పొద్దున్నుంచి అట్ల నవ్వుకుంటనే పని నడిచింది. కొలతలు సరిగ్గ ఉన్నయ్. చానెల్ కోసిన్రు, మూలలు గుండ్రంగ గీకిన్రు, ర్యాంపు కిందికి దూరి ఎత్తి పట్టి చూసిన్రు. బ్యాటరీ తీగలు ఊడదీసిన్రు. సీట్లు తీసి బయట పెట్టిన్రు. కార్పెట్ తీసుడే మిగిలింది. అక్కడ వీరేందర్ అడ్డం తగిలిండు.

"కార్పెట్ ఎందుకు లేపుడు మామా? కింద నుంచే చిన్న చిన్న టాకాలు ఏద్దాం. పాతది, లేపితే చినుగుతది."

అనంతయ్య అల్లుని దిక్కు చూసిండు. కింద మంట పడితే పైన కార్పెట్ అంటుకుంటది. ఆ మాట పని నేర్చిన మొదటి దినం చెప్పింది. మర్చిపోయెటోడు కాదు వీరేందర్.

అంతకు ముందే ఆయనకు ఒకటి మనసుల ముల్లు తీరు గుచ్చుకున్నది. నడుంపట్టాలు అతికేటప్పుడు బండి తన కాళ్ల మీద తాను నిలబడి ఉండాలె. జాకీ మీద లేపి అతికితే, లేచిన వంకరను అట్లనే బిగిచ్చినట్టు అయితది. ఆయన షెడ్డుల ఇది వేదం. అందుకే మొదలు తలుపులు మూసి, సాఫుగ పడుతున్నయా లేదా చూసిండు. బండి నాలుగు చక్రాల మీద నిమ్మళంగ నిలబడి ఉన్నది. అయినా ఎడమ తలుపు కింది మూల పక్కనున్న నిలువు గుంజకు గీరుకుంటున్నది. బరువు మీద నిలబడ్డ బండికి తలుపు వంకర ఎట్ల వస్తది?

ఆయన కార్పెట్ కొస పట్టి గుంజిండు.

కింద డాంబర్. మందంగ, కొత్తగ. పాత బండికి కొత్త డాంబర్ ఏంది? ఉలి తీసుకొని గీకిండు. పెచ్చులు లేచినయ్. వాటి కింద, ముందటి సీటుకు జర వెనక, ఈ తలుపు కాడి నుంచి ఆ తలుపు కాడికి అడ్డంగ ఒకటే గీత. వెల్డింగు గీత. ఏనుగు తొండం మీద ముడుతల లెక్క వరుసగ, సన్నగ, ఎక్కడ తెగకుండ.

కారు ఒక్కటి కాదు. రెండు కార్ల సగాలు.

అనంతయ్య మోకాళ్ల మీద కూసున్నడు. గీత మీద వేలు పెట్టి నడిపిచ్చిండు. వెల్డింగు చేసినప్పుడు కరిగిన ఇనుము చేప పొలుసుల తీరు ఒకదాని మీద ఒకటి పడుతది. చెయ్యి ఎటు నుంచి ఎటు పోయిందో పొలుసు చెప్తది. కుడిచేతి వాటం వాళ్లవి ఒక దిక్కు ఒరుగుతయ్. ఇవి రెండో దిక్కు ఒరిగినయ్. గీత ఆగిన ప్రతి కాడ చిన్న కొక్కెం తీరు వెనక్కి మలిగి ఉన్నది. ఆ కొక్కెం మాన్పనీకి అనంతయ్య ఏండ్లకేండ్లు తండ్లాడిండు. మాన్పలేకపోయిండు.

అతుకు మంచిగున్నది. అదే ఆయన పాణం తీసింది. తన షెడ్డుల ఎన్నడు చెయ్యనంత మంచిగ చేసిండు పిలగాడు.

"వీరూ."

"ఏంది మామా?"

"ఇటు రా."

వీరేందర్ వచ్చిండు. తలుపు కాడ నిలబడ్డడు. లోపలికి వంగి చూడలే.

"ఎవని చెయ్యిరా ఇది?"

వీరేందర్ నోరు తెరిచిండు. అప్పుడే విమానం నెత్తి మీదికి వచ్చింది. శంషాబాద్ దిక్కు మనుషులకు ఒక అలవాటున్నది. విమానం దిగుతుంటే మాట ఎక్కడిదక్కడ ఆపుతరు. పోయినంక అదే మాట కాడ నుంచి అందుకుంటరు. లగ్గం మాటలైనా అంతే, కొట్లాటలైనా అంతే. రేకులు గడగడలాడంగ మామ అల్లుని కండ్లల్లకు చూసిండు. అల్లుడు మామ చేతిల ఉలిని చూసిండు. విమానం పోయింది.

"నాదే" అన్నడు వీరేందర్.

బయట వేదవతమ్మ కొడుకుకు ఏదో విమానం చూపిచ్చి నవ్వుతున్నది. అనంతయ్య గొంతు తగ్గిచ్చిండు.

"రెండు బండ్లా?"

"ఆ. ఒకదానికి ముందట నుజ్జు. ఒకదానికి వెనక నుజ్జు. మంచి సగాలు తీసినం."

"యాడ నిలబెట్టి అతికిన్రు?"

వీరేందర్ చేతుల మసి తుడుసుకున్నడు.

"చక్రాల మీదనా?"

"ఇటుకల మీద."

"థూ."

ఆ ఒక్క మాటకు అల్లుని మొఖం నల్లబడ్డది. "తెల్సు మామా. నువ్వు చెప్పింది మర్చిపోలే. చక్రాలు ఎక్కియ్యనియ్యుండ్రి అన్న. ఆళ్లు ఆగలే."

"ఆళ్లు ఆగకుంటే నువ్వు ఆగాలె."

"నీకేం, చెప్తవ్." వీరేందర్ గొంతుల ఎన్నేండ్లదో చేదు పొంగింది. "నీ దగ్గర ఇన్నేండ్లు చేసిన. ఒక్కనాడన్న, మంచిగున్నదిరా అన్నవా? తప్పు ఉంటే ఉలితోని చూపిస్తవ్. తప్పు లేకుంటే ముంగట నుంచి లేచిపోతవ్. అంతేనాయె. అక్కడ ఈ గీత గీసిన దినం షెడ్డు షెడ్డంత వచ్చి చూసింది మామా. మొదటిసారి నన్ను ఉస్తాద్ అన్నరు. ఆ ఒక్క మాటకు నాకు ఇంకేం కనవళ్లే."

అనంతయ్య ఉలి అంచుకు అంటిన డాంబర్ గీకిండు.

"ఇగ ఇను" అన్నడు వీరేందర్, జర దగ్గరికి వచ్చి. "నడుంపట్టాలు ఈ అతుకు మీదికెళ్లే పోతయ్. రెండు దిక్కుల ఏస్తే అతుకును పట్టుకొని ఉంటయ్. పైన డాంబర్ కొడ్తం, కార్పెట్ పరుస్తం. బండి ముందటికన్న గట్టిగైతది. ఎవ్వలు కనిపెట్టరు. ఆ సార్‌కు కావాల్సింది గదే గదా?"

అనంతయ్య జేబులకెళ్లి చిన్న సుత్తె తీసిండు. తలుపు పక్క గుంజను పై నుంచి కొట్టుకుంట వచ్చిండు. ఖంగ్, ఖంగ్, ఖంగ్. నడిమికి రాంగనే చప్పుడు మొద్దుగ మారింది. లోపల పుట్టీ నింపి ఉన్నది. అవతలి గుంజను కొట్టిండు. అక్కడ సుత అంతే. పైకప్పు సుత అక్కడనే కోసిన్రు.

"కిందికి పట్టాలు ఏస్తవ్. పైకి ఏమేస్తవ్?"

"మామా..."

"పక్క నుంచి లారీ తాకితే?"

"తాకుతదని రాసి పెట్టి ఉన్నదా?" వీరేందర్ సుత్తె పట్టి ఆపిండు. "ఆయన ఠాణాకు పోతడు మామా. నన్ను తీస్కపోతరు. నేనొక్కన్నే పోతనా? సునీత మొఖం చూడు. పిల్ల మొఖం చూడు. మొన్ననే గదా ఇల్లు ఇల్లయింది."

అది వీరేందర్ అనకున్నా అనంతయ్య చెవులల్ల మోగుతనే ఉన్నది.

ఆయన మాస్కు తీసుకున్నడు. గన్ను తీసుకున్నడు. ర్యాంపు గోడల నడుమకు దిగి, ముందటి కొమ్ముకు ఆనిచ్చి పట్టిన చానెల్ కింద నిలబడ్డడు. మిషన్ గుయ్యిమంటున్నది. ఒక్కసారి మీట నొక్కితే అయిపాయె. సాయంత్రానికి కారు దిగుతది. రేపు తెల్లారి విజయవాడ రోడ్డు ఎక్కుతది. పోయినంక అది ఎవరి కండ్ల పడుతది? చానెల్ మంచిగ కూసున్నది. తన చేతుల ఇంత సాఫు పని ఈ మధ్య పడలేదు.

మాస్కు మొఖం మీదికి దించిండు.

"అయిపోవచ్చిందా నాయనా?" వేదవతమ్మ ర్యాంపు కాడికి వచ్చి వంగింది. మాస్కుల ఆయనకు ఆమె పాదాలే కనవడుతున్నయ్, పసుపు రంగు రబ్బరు చెప్పులు. "నాకు వెనక సీటు కాస్త వెనక్కి జరపమని చెప్పు మీ అల్లుడికి. కాళ్ళు చాపుకోవాలి. పాప నా ఒళ్ళోనే పడుకుంటుంది దారంతా. ఆ గీర తలుపు వైపే నేను కూర్చుంటాలే. పెద్దదాన్ని, పడితే నేనే పడతాను."

అని నవ్వింది. హాస్యానికే అన్నది.

అనంతయ్య మాస్కు తీసిండు. గన్ను కొక్కేనికి తగిలిచ్చిండు. బయటికి వచ్చి, వేదవతమ్మ పక్కకెళ్లి పోయి, ఫోను చూసుకుంటున్న ఉదయభాస్కర్ ముందట నిలబడ్డడు.

"సార్. జర రా."

"ఏంటండీ, ఏమన్నా ఇబ్బందా?"

"వచ్చి చూడు."

అది మాటలతోని చెప్పనీకి ఆయనకు రాదు. ఉదయభాస్కర్ చెయ్యి మణికట్టు కాడ పట్టి, కారు లోపలికి వంచి, ఆ గీత మీద పెట్టిండు. ఈ తలుపు నుంచి ఆ తలుపు దాక నడిపిచ్చిండు. ఆనెంక అదే చేతిని గుంజ మీద పెట్టి, సుత్తెతోని పైన ఒకసారి, నడుమ ఒకసారి కొట్టిండు. ఉదయభాస్కర్ తెలివిగల మనిషి. రెండో దెబ్బకే చెయ్యి గుంజుకున్నడు.

"రెండు కార్లా ఇది?"

అనంతయ్య తల ఊపిండు.

"మధ్యకి కోసి... అతికించారా?"

"ఆ సార్. నడుంపట్టాలు నేను ఎయ్య. ఏస్తే ఇది కనవడకుండ పోతది. ఇందుల ఎవ్వల్ని ఎక్కియ్యకు."

ఉదయభాస్కర్ సీట్లు లేని కారు లోపలికి చూస్తున్నడు. పిల్ల నిలబడే జాగ, సింధూర ఒడిసి పట్టుకున్న జాగ. గొంతు పెంచలే. పెంచకపోవుడే భయం పుట్టిచ్చింది.

"ఎవరు చేశారండీ ఇది?"

అనంతయ్య నేల చూపులు చూసిండు.

"మీకు తెలుసు. మీ మొహమే చెబుతోంది. పొద్దున్నుంచీ మీరు పది మాటలు మాట్లాడలేదు, ఇప్పుడు పదకొండోది నాకు కావాలి. ఎవరు?"

"నా చేత నేర్పిన చెయ్యే సార్."

అంతకన్న ముందుకు నాలిక తిరుగలే. తిరుగుతదో లేదో ఆయనకే తెల్వదు. ఈ దిక్కు బిడ్డ నవ్వు. ఆ దిక్కు పసుపు రంగు చెప్పులు. నడుమ ఆయన.

"నేనే సార్" అన్నడు వెనక నుంచి వీరేందర్.

వీరేందర్ ముందటికి వచ్చిండు. రెండు చేతులు పక్కకు ఏలాడేసుకొని నిలబడ్డడు, దెబ్బకు సిద్ధంగ.

పొద్దున్నుంచి ఆగని వేదవతమ్మ నోరు ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"నువ్వా బాబూ?" అన్నది కడకు. "నాకు మంచినీళ్ళిచ్చిన చేత్తోనా?"

ఉదయభాస్కర్ కొడితే వీరేందర్ ఓర్చుకునెటోడు. ఆ మాటకు ఓర్వలే. మొఖం పక్కకు తిప్పుకొని మోచేత్తో కండ్లు తుడుసుకున్నడు. అనంతయ్య నోటికాడికి ఒక మాట వచ్చింది, ఇన్నేండ్లల్ల ఎన్నడు అనంది. ఇప్పుడన్న అందామనుకున్నడు. ఇది దానికి యాళ్ల కాదని మింగిండు.

"ఒక్క విషయం అర్థం కావట్లేదు నాకు" అన్నడు ఉదయభాస్కర్, తనలో తాను మాట్లాడుకున్నట్టు. "మీరే చేశారు. మళ్ళీ మీ దగ్గరికే ఎందుకు పంపించారు?"

"ఎవరు పంపిన్రు సార్?" వీరేందర్ తల ఎత్తిండు.

"ఆరాంఘర్లో బండి చూడ్డానికి వెళ్ళాం, నేనూ అమ్మా. అమ్మేవాడు తాళం తేవడానికి అటు వెళ్ళాడు. ఒకావిడ ఆటో దిగి గబగబా వచ్చింది. ఈ బండి కొంటే ముందు శంషాబాద్ అనంతయ్యగారికి చూపించండి, ఆయన ముట్టుకోకుండా దూరం పోవద్దు అంది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. మంచి మెకానిక్ అని చెబుతోంది కాబోలు అనుకున్నా. రోజూ వాయిదా వేశాను. తలుపు తెరుచుకున్నాక గుర్తొచ్చింది."

"చంకలో పిల్ల కూడా ఉందిరా" అన్నది వేదవతమ్మ. "నా కళ్ళజోడు లాగేసింది, రాక్షసి."

అనంతయ్య, వీరేందర్ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

రోజు సద్ది తెచ్చే యాళ్ల కన్న ముందుగనే సునీత వచ్చింది ఆ దినం. ఒక చేతిల గిన్నెల సంచి, చంకల పిల్ల. ర్యాంపు మీద తెర్చి ఉన్న కారును చూసింది. బయట పడేసిన సీట్లను చూసింది. మొగని కండ్లు చూసింది. ఏమైందని అడగలే. సంచిని బల్ల మీద పెట్టింది. ఆమె మళ్లెసరికి చంకలున్న పిల్ల చెయ్యి చాపి, పక్కన నిలబడ్డ వేదవతమ్మ కండ్లద్దాలు లాగనే లాగింది.

"ఇదిగో!" అన్నది వేదవతమ్మ. "ఇదే! ఈ పిల్లే!"

అద్దాలను పిల్ల పిడికిట్ల నుంచి విడిపిచ్చి సునీత ఆమెకు ఇచ్చింది. "తప్పు మాది పెద్దమ్మా" అన్నది. కండ్లద్దాల సంగతి కాదని అందరికి అర్థమైంది.

"నువ్వు చెప్పినవా?" అన్నడు వీరేందర్. "ఒట్టేసినవ్ నువ్వు. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి."

"ఏసిన. బాపుకు చెప్పనని, కొనేటోళ్లకు చెప్పనని ఏసిన. చెప్పిన్నా? ఈ సార్‌నే అడుగు. బండిల ఏమున్నదో ఒక్క మాట అన్నన్నా? బాపు కాడికి పొమ్మన్న. అంతే. కార్పెట్ ఎవలు లేపమన్నరు బాపును? ఆయన చెయ్యే లేపింది." సునీత తండ్రి దిక్కు మళ్లింది. "నీకు సద్ది కట్టినప్పుడల్ల అనుకునేదాన్ని బాపూ, ఇయ్యాల ఆ బండి వస్తదేమో అని. వస్తే నా ఇల్లు ఏమైతదో తెల్సు. రాకుంటే వీళ్లు ఏమైతరో అని నిద్ర పట్టలే."

అనంతయ్య బిడ్డ మొఖంల నవ్వును వెతికిండు. మొన్నటి నవ్వు లేదు. నవ్వు లేకున్నా ఆ మొఖం నిబ్బరంగ ఉన్నది. ఇన్ని దినాలు ఆమె ఒక్కతే మోసింది ఇది.

ఉదయభాస్కర్ ఫోను జేబుల నుంచి తీసిండు. నంబరు కొట్టలే. చేతిల పట్టుకొని నిలబడ్డడు. "నేను ఊరుకోలేనండీ" అన్నడు, అనంతయ్య దిక్కు చూసి, క్షమించమన్నట్టే. "మీరు చెప్పారు కాబట్టి బతికాం. అయినా ఊరుకోలేను."

"ఊకోకుండ్రి సార్" అన్నది సునీత. "ఊకోకుండ్రి. గాని ముందుగల ఇంకోటి వినుండ్రి. ఇయ్యాల జల్ది వచ్చింది గందుకే. నిన్న పొద్దు మూకినంక మన గల్లీల చూసిన. ఈయన చేసింది ఒక్క బండి కాదు."

"సునీతా!" వీరేందర్ ఒక్క అడుగు ముందుకేసిండు.

"నువ్వు ఒట్టు ఈ నేరేడు బండి మీదనే పెట్టిచ్చుకున్నవ్. నువ్వే ఫోన్ల చూపిచ్చిన ఆ రెండో బండి మీద పెట్టిచ్చుకోలే."

"అది ఊరు దాటిపోయిందే! కర్నూలోళ్లు కొంటపోయిన్రు అన్నరు నాతోని!"

"పోలే. అది..."

విమానం వచ్చింది. అలవాటు కొద్ది సునీత ఆగింది. అందరు ఆగిన్రు. రేకులు వణికినయ్, గిన్నెల మూతలు గలగలమన్నయ్, పిల్ల పైకి చూసి చప్పట్లు కొట్టింది. ఆ ఆగుడు అనంతయ్యకు ఎన్నడు అంత పొడుగ్గ అనిపియ్యలే. పిల్ల పాడుతున్నట్టు నోరు ఆడిస్తుంటే, ఎందుకో ఆయనకు పొద్దటి పాట చెవుల పడ్డది.

విమానం దాటింది.

"...నీలం తాడు కట్టిన తలుపు, బాపూ" అన్నది సునీత. "పొద్దుగాల వాకిట్ల నుంచి చూసిన, గోడకు ఒదిగి నువ్వే తొవ్వ ఇచ్చినవ్."

అనంతయ్య రోడ్డు దిక్కు చూసిండు. ఒంటిపూట బడి ఇడిచే యాళ్ల అయితున్నది.